ఆడవాళ్లలో టెస్టోస్టిరాన్ తగ్గిందనుకుంటే: ఏ కాగితం చూడాలి, ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలి

టెస్టోస్టిరాన్ అంటే మగవాళ్ల హార్మోన్ అని పేరు పడిపోయింది గానీ, ఆడవాళ్ల ఒంట్లోనూ అది ఉంటుంది. సుమారు పావు వంతు అండాశయాల్లో, మరో పావు వంతు కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల్లో తయారవుతుంది. మిగతా సగం కొవ్వు, చర్మం లాంటి చోట్ల వేరే హార్మోన్ల నుంచి మారి వస్తుంది. ఇరవైల్లో ఎక్కువగా ఉండి, నలభైల్లోకి వచ్చేసరికి దాదాపు సగమవుతుంది. అది వయసుతో అందరికీ జరిగేదే, జబ్బు కాదు. ముట్లు ఆగిపోయినప్పుడు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ పడిపోయినంత వేగంగా ఇది పడిపోదు. ఉన్నట్టుండి సగానికి పడేది రెండు అండాశయాలూ ఆపరేషన్ చేసి తీసేసినప్పుడే.

అందుకే శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆడవాళ్లు ల్యాబ్‌కి వెళ్లేముందు ఇంట్లో బీరువా తెరిచి పాత ఆపరేషన్ కాగితాలు వెతకాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురైతే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. రాష్ట్రాలన్నింటిలోకీ మనదే ఎక్కువ. వీళ్లలో చాలామందికి సంచి తీసేశారని తెలుసు గానీ, అండాశయాలు ఉంచారో తీశారో తెలియదు. సంగతంతా ఆ ఒక్క విషయం దగ్గరే తేలుతుంది.

డిశ్చార్జి కాగితంలో ఏముందో చూడటం

ఆపరేషన్ పేరు రాసిన వరస చూడండి. 'టీఏహెచ్' అని మాత్రమే ఉంటే పొట్ట కోసి గర్భసంచి తీశారని అర్థం. 'వీహెచ్' అంటే కింద నుంచి తీశారు. పక్కన 'బీఎస్ఓ' అని ఉంటే రెండు అండాశయాలూ, ట్యూబులూ కూడా పోయినట్టే. 'యూఎస్ఓ' అంటే ఒక పక్కది మాత్రమే తీశారు, రెండోది పనిచేస్తూ ఉండొచ్చు. కాగితం పోతే బయాప్సీ రిపోర్టు వెతకండి, ల్యాబ్‌కి ఏ భాగాలు పంపారో అందులో రాస్తారు. అదీ లేకపోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో కేస్ షీట్ అడగండి. స్కానింగ్‌లో 'ఓవరీలు కనిపించలేదు' అని వచ్చినంత మాత్రాన తీసేశారని అనుకోకూడదు, ముట్లు ఆగాక అవి చిన్నబడి స్కాన్‌కి చిక్కకపోవచ్చు. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు మొదలై ఉంటే తీసేశారన్న అనుమానం బలపడుతుంది. ఎఫ్ఎస్‌హెచ్ (అండాశయాలని పనిచేయించే హార్మోన్) పరీక్ష చాలా ఎక్కువగా వస్తే అండాశయాలు లేవనో, పనిచేయడం మానేశాయనో తెలుస్తుంది.

నలభై అయిదు నిండకముందే రెండూ తీసేసి ఉంటే టెస్టోస్టిరాన్ కంటే ముందు ఈస్ట్రోజెన్ గురించి గైనకాలజిస్టుతో మాట్లాడాలి. అది లేకపోతే ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు లాంటి అడ్డంకులు లేకపోతే, మామూలుగా ముట్లు ఆగే వయసు వరకు, అంటే యాభై దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వడమే సరైన వైద్యం. 'సంచి తీశాక హార్మోన్లతో పనేముంది' అని ఎవరన్నా నమ్మకండి.

నీరసానికి వేరే కారణాలు ముందు తేల్చుకోవాలి

టెస్టోస్టిరాన్ తగ్గితే నీరసం, మతిమరుపు, కండ తగ్గడం, దిగులు అన్నీ వస్తాయని ఆన్‌లైన్‌లో రాసేస్తున్నారు. వైద్యంతో మెరుగవుతుందని గట్టిగా రుజువైంది ఒక్కటే: ముట్లు ఆగినవాళ్లలో దాంపత్య కోరిక పోయి, అందువల్ల మనసుకి బాధగా ఉండటం. మిగతావాటికి ఇది పనిచేస్తుందని చెప్పడానికి తగిన రుజువు లేదు. కాబట్టి నీరసమే మీ బాధ అయితే ముందు చేయించాల్సినవి హిమోగ్లోబిన్ (గర్భం లేనివాళ్లకి 12 కంటే తక్కువైతే రక్తహీనత), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, బీ12. ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల వాళ్లు సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) తప్పకుండా చేయించాలి. అక్కడ కిడ్నీ జబ్బు చాలాకాలం నీరసం తప్ప వేరే గుర్తు చూపించదు. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో రక్తహీనత మందులకి తగ్గకపోతే సికిల్ సెల్ పరీక్ష అడగండి.

కలయికలో మంట, నొప్పి ఉంటే కోరిక దానంతటదే పోతుంది. అది టెస్టోస్టిరాన్ లోటు కాదు, చాలాసార్లు యోని పొడిబారడం. దానికి డాక్టర్ రాసే ఈస్ట్రోజెన్ క్రీమ్ వాడాలి. మామూలుగా రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు లోపల పెట్టుకుంటారు. కొబ్బరినూనె అప్పటికి జారుడునిస్తుంది గానీ, నిరోధ్ వాడేవాళ్లు రాయకూడదు, రబ్బరు పాడై చిరుగుతుంది. ఇక ఇంట్లో గొడవలు, నిద్ర లేకపోవడం, దిగులు కూడా కోరికని చంపుతాయి. దిగులు రోజూ ఉంటే 14416కి ఫోన్ చేసి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు.

మందుల సంచీ కూడా చూపించండి

గర్భనిరోధక మాత్రలు (మాలా లాంటివి) రక్తంలో ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్‌ని పెంచుతాయి. అది టెస్టోస్టిరాన్‌ని పట్టి ఉంచేయడంతో ఒంటికి అందేది తగ్గుతుంది. దిగులుకి వాడే కొన్ని మాత్రలు నేరుగా కోరికని తగ్గిస్తాయి. మన పల్లెల్లో ఇంకో పెద్ద కారణం మోకాళ్ల నొప్పులకీ ఆయాసానికీ నెలల తరబడి వేసుకునే స్టెరాయిడ్ మాత్రలు, ఊళ్లో వేయించుకునే డెక్సా ఇంజెక్షన్లు (అవీ స్టెరాయిడ్లే). వీటివల్ల అడ్రినల్ గ్రంథులు నిద్రపోతాయి, అక్కడ తయారయ్యే కార్టిసాల్, టెస్టోస్టిరాన్ లాంటి హార్మోన్లు పడిపోతాయి. ఇది చదివి ఆ మాత్రలు ఒక్కసారిగా మానేయకండి. గ్రంథి లేవకముందే మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్ దగ్గర కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.

అన్నింటికంటే జాగ్రత్తగా చూడాల్సింది కాన్పులో విపరీతంగా రక్తం పోయినవాళ్లని. ఆ తర్వాత పాలు పడకపోవడం, ముట్లు తిరిగి రాకపోవడం, చంకల్లో, కింద వెంట్రుకలు రాలిపోవడం, చలికి తట్టుకోలేకపోవడం, లేస్తే కళ్లు తిరగడం ఉంటే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని ఉండొచ్చు. షీహాన్ సిండ్రోమ్ అంటారు. కాన్పయిన ఏళ్ల తర్వాత బయటపడేవాళ్లు ఉన్నారు. వీళ్లకి ఉదయం 8 గంటల కార్టిసాల్, టీఎస్‌హెచ్‌తో పాటు ఫ్రీ టీ4 (థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్) చేయించాలి. ఇక్కడ టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే మామూలుగా కనిపించి మోసం చేస్తుంది. కార్టిసాల్ డెసీలీటర్‌కి 3 మైక్రోగ్రాముల కంటే తక్కువైతే లోటు ఉన్నట్టే, ఆలస్యం చేయకండి. ముందు స్టెరాయిడ్ మొదలుపెట్టాకే థైరాయిడ్ మాత్ర ఇవ్వాలి. వరస తిరగబడితే మనిషి షాక్‌లోకి వెళ్తుంది. వాంతులు, స్పృహ తప్పడం ఉంటే శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో, దగ్గర్లో ఏది ఉంటే ఆ ఎమర్జెన్సీకో వెంటనే తీసుకెళ్లాలి. తర్వాత చూడాల్సింది ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల డాక్టర్), విశాఖ కేజీహెచ్‌లో ఆ విభాగం ఉంది.

రక్తపరీక్ష చేయించే పద్ధతి

మొదటి మాట, కోరిక లోటుని రక్తపరీక్షతో నిర్ధారించరు. 'ఇంతకంటే తక్కువైతే జబ్బు' అనే గీత ఆడవాళ్ల టెస్టోస్టిరాన్‌కి లేదు. 2019లో అంతర్జాతీయ వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన ప్రకటన ఇదే చెప్పింది. పరీక్ష దేనికంటే, మందు మొదలుపెట్టేముందు ఎంత ఉందో చూసుకోవడానికి, అప్పటికే ఎక్కువగా ఉంటే ఇవ్వకుండా ఉండటానికి.

ముట్లు వస్తున్నవాళ్లు ముట్టు మొదలైన రోజు నుంచి లెక్కేసి 8వ రోజుకీ 20వ రోజుకీ మధ్య, ఉదయం 8 నుంచి 10 లోపు రక్తం ఇవ్వాలి. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వాడేవాళ్లు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి, లేకపోతే కొన్ని మెషీన్లలో ఫలితం తప్పుగా ఎక్కువ వస్తుంది. టోటల్ టెస్టోస్టిరాన్, ఎస్‌హెచ్‌బీజీ రెండూ అడగండి. విడిగా చేసే 'ఫ్రీ టెస్టోస్టిరాన్' కిట్ పరీక్ష నమ్మదగ్గది కాదు, డబ్బు దండగ. మామూలు ల్యాబ్ పద్ధతి మగవాళ్ల స్థాయికి సరిపోతుంది గానీ ఆడవాళ్లలో ఉండే అతి కొద్ది మోతాదు దగ్గర తడబడుతుంది. కొద్ది మోతాదునీ కచ్చితంగా కొలిచే ఎల్‌సీ-ఎంఎస్ పద్ధతి మేలు. శాంపిల్ పెద్ద ల్యాబ్‌కి పంపుతారేమో రక్తం ఇచ్చేముందే కనుక్కోండి.

రిపోర్టులో అంకె పక్కన యూనిట్ చూడండి. ఒక ల్యాబ్ 30 అనీ, ఇంకోటి 0.3 అనీ, మరోటి 1.04 అనీ ఇస్తే మూడూ ఒకటే: మొదటిది డెసీలీటర్‌కి నానోగ్రాములు, రెండోది మిల్లీలీటర్‌కి నానోగ్రాములు, మూడోది లీటర్‌కి నానోమోల్స్. ఈ తేడా గమనించక పాత రిపోర్టుతో పోల్చి వందోవంతుకి పడిపోయిందని బెంబేలెత్తిపోతారు. ఆడవాళ్లకి మామూలుగా రాసే పరిధి సుమారు 15 నుంచి 70 నానోగ్రాములు, డెసీలీటర్‌కి.

మందు అవసరమైతే

ముట్లు ఆగి, పైన చెప్పిన కారణాలన్నీ చూసి సరిచేశాక కూడా కోరిక లేక బాధపడుతుంటే డాక్టర్ చర్మం మీద రాసే టెస్టోస్టిరాన్ ఇవ్వొచ్చు. ఆస్ట్రేలియాలో ఆడవాళ్లకనే తయారైన ఒక శాతం క్రీమ్‌లో రోజు మోతాదు 5 మిల్లీగ్రాములు. మన మందుల షాపుల్లో మగవాళ్ల కోసం అమ్మే ఒక శాతం జెల్ 5 గ్రాముల సాచెట్‌లో 50 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే పది రోజుల మోతాదు. భర్త కోసం తెచ్చిన సాచెట్‌ని భార్య చింపి రాసుకుంటే ఏమవుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది: మొటిమలు, గడ్డం దగ్గర వెంట్రుకలు, తల జుట్టు పలచబడటం, గొంతు బొంగురుపోవడం. గొంతు ఒకసారి మారితే మందు ఆపినా మళ్లీ రాదు. ఇంజెక్షన్లు, చర్మం కింద పెట్టే గుళికలు, నోటి మాత్రలు ఆడవాళ్లకి వద్దు. మొదటి రెండింటితో మోతాదు అదుపు తప్పుతుంది, మాత్రలు కొలెస్టరాల్‌ని పాడుచేస్తాయి. ఆన్‌లైన్‌లో దొరికే డీహెచ్ఈఏ (ఒంట్లో టెస్టోస్టిరాన్‌గా మారే హార్మోన్) కూడా అంతే, వద్దు. గర్భం ఉన్నా, వచ్చే అవకాశమున్నా టెస్టోస్టిరాన్ అసలు వాడకూడదు, కడుపులో ఆడపిల్ల అవయవాల మీద ప్రభావం పడుతుంది.

రాసుకునేది తొడ పైభాగం లేదా పిరుదు మీద, పొడి చర్మానికి. ఆరేదాకా బట్ట వేయకండి, తర్వాత చేతులు సబ్బుతో కడగండి. ఆ చోటికి పసిపిల్లల ఒళ్లు తగలకూడదు, మందు వాళ్లకి అంటుతుంది. మూడు నుంచి ఆరు వారాలకి మళ్లీ రక్తం చూపించాలి, అంకె ఆడవాళ్ల పరిధి దాటితే మోతాదు తగ్గిస్తారు. నిలకడ పడ్డాక నాలుగు నుంచి ఆరు నెలలకోసారి చాలు. ఆరు నెలలు సరిగ్గా వాడినా మార్పు లేకపోతే మోతాదు పెంచమని అడగకండి, మందు ఆపేయాలి.