వర్చువల్ మెషీన్‌కు యూఎస్‌బీ ఇచ్చే ముందు

పన్ను రిటర్నుల గడువు దగ్గర పడినప్పుడు, లినక్స్‌లో క్యూఈఎంయూ (కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను, నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని, లోపలి విండోస్‌కు డిజిటల్ సంతకం టోకెనో పెన్‌డ్రైవో ఇచ్చేవాళ్లు ఇవి చూసుకోండి.

పెన్‌డ్రైవ్‌ను ముందు హోస్ట్‌లో (బయటి లినక్స్‌లో) అన్‌మౌంట్ చేయండి, అంటే దాని వాడకం నుంచి తప్పించండి. గెస్ట్ (లోపలి విండోస్) తీసుకోగానే అది హోస్ట్ చేయి జారిపోతుంది. రాత మధ్యలో ఉంటే ఫైళ్లు పాడవుతాయి.

యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' కమాండ్‌లో 'బస్ 001 డివైస్ 005' కనిపించిందని క్యూఈఎంయూ సెట్టింగుల్లో ఆ 005నే రాసేయకండి. తీసి మళ్లీ పెడితే 006 అయి కూర్చుంటుంది. వెండర్, ప్రొడక్ట్ ఐడీలు (తయారీదారును, మోడల్‌ను తెలిపే సంఖ్యలు) రాయండి. ఒకేలాంటి టోకెన్లు రెండుంటే (ఆడిటర్ల దగ్గర మామూలే) పోర్ట్ నంబరే దిక్కు.

టోకెన్ గెస్ట్‌కు అందకపోతే హోస్ట్‌లో పీసీఎస్‌సీడీ (స్మార్ట్‌కార్డులు, టోకెన్లను చూసుకునే సర్వీసు) పట్టుకుందేమో చూడండి. ఆ సర్వీసుతో పాటు, అవసరం పడగానే దాన్ని లేపే సాకెట్‌నూ ఆపాలి, లేదంటే మళ్లీ లేస్తుంది.

పర్మిషన్ రాలేదని అంతా రూట్‌తో (అన్ని అధికారాలూ ఉన్న ఖాతాతో) నడపకండి. ఆ పరికరాన్ని ఎవరు వాడొచ్చో లినక్స్‌కు చెప్పే ఒక్క యూడెవ్ రూల్ చాలు.