ఎముకలు చదవడం నేర్చుకుందాం – మూడో పాఠం: ముందు వయసు, తర్వాత తిండి

జంతువుది పాత దవడ ఒకటి చేతికి రాగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "ఇది ఏం తిని బతికేది?" అని. ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. ముందు వయసు తేల్చాలి. తల్లిపాలు వదలని పిల్ల పన్నూ, అరిగి అరిగి చదునైపోయిన ముసలిదాని పన్నూ తిండి విషయంలో మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. ఈ పాఠమంతా ఆ వరుసలోనే నడుస్తుంది.

మన జిల్లాలో ఇది నేర్చుకోవడానికి గట్టి కారణమే ఉంది. బేతంచెర్ల దగ్గరి బిలస్వర్గం గుహల్లో 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వకాలు జరిపారు. అక్కడ దొరికిన ఎముకలను శిలాజ శాస్త్రవేత్త రిచర్డ్ లిడెక్కర్ పరిశీలించి 1886లో ప్రచురించాడు. వాటిలో ఖడ్గమృగం ఉంది, గుర్రం జాతివి ఉన్నాయి, ముళ్ళపంది ఉంది. ఆ ఖడ్గమృగానికి ఆయన పెట్టిన పేరు రైనోసెరాస్ కర్నూలియెన్సిస్. ఈరోజు కర్నూలు చుట్టుపక్కల ఎక్కడా ఖడ్గమృగం లేదు. మరి అది ఇక్కడ బతికిన రోజుల్లో ఈ నేల మీద ఏం మొలిచేది? దానికి సాక్ష్యం పళ్ళలోనే దొరుకుతుంది. అలాగని గుహలకు వెళ్ళి తవ్వొద్దు. పొర నుంచి పెకిలించిన ఎముక తన కాలాన్ని పోగొట్టుకుంటుంది, ఆ తర్వాత దాంతో ఎవరికీ పనిలేదు.

సాధనకు మటన్ అంగడి చాలు. తలకాయ కొట్టించేటప్పుడు పై దవడ, కింది దవడ నరకకుండా విడిగా ఇవ్వమని అడగండి. ఉడికించి మాంసం తీసేసి, సర్ఫ్ నీళ్ళలో రెండు మూడు రోజులు నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది నీడన ఆరబెట్టండి. బ్లీచింగ్ పౌడర్ వాడితే ఎముక పొడి రాలుతుంది, వద్దు. వీలైతే గొర్రెదొకటి, మేకదొకటి సంపాదించండి.

వయసుకు కింది దవడ చూడాలి. సంతలో బేరం ఆడేవాళ్ళు నోరు తెరిచి "రెండు పండ్లు వేసింది", "నాలుగు పండ్లు" అని చెప్పేది ఈ లెక్కే. గొర్రెకు ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్యలో ముందువైపు పాలపళ్ళు ఒక జత పోయి పెద్దవి వస్తాయి. రెండేళ్ళ అటూ ఇటూగా నాలుగు, మూడేళ్ళకు ఆరు, నాలుగేళ్ళకు ఎనిమిది. కానీ పాత దవడల్లో ఈ ముందు పళ్ళు చాలాసార్లు ఉండవు. వేరు పట్టు తక్కువ కాబట్టి త్వరగా ఊడిపోతాయి. అందుకే మనకు దవడ పళ్ళే ముఖ్యం.

ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. కింది దవడలో ముందు పళ్ళు వదిలేసి, వెనకవైపు నమిలే పళ్ళ వరుసలో ముందు నుంచి మూడోది లెక్కపెట్టండి. ఆ పన్నుకు మూడు గుబ్బలు కనిపిస్తే అది పాలపన్ను, జంతువు ఇంకా చిన్నది. సుమారు రెండేళ్ళకు అది ఊడి, దాని చోట పొట్టి పన్ను వస్తుంది. ఇక్కడ కొత్తవాళ్ళు తికమక పడతారు, ఎందుకంటే వరుసలో చిట్టచివరి పెద్ద పన్నుకు కూడా మూడు గుబ్బలే. విడిగా దొరికిన పన్ను అయితే ఎనామిల్, అంటే పన్ను మీది గట్టి పొర, మందం చూడండి: పాలపన్నుకు పలచగా ఉంటుంది, వేర్లు పక్కలకు చీలి ఉంటాయి. వేర్ల మధ్య ఆ ఖాళీ ఎందుకంటే, కింద కొత్త పన్ను తయారవుతోంది. చివరి పన్ను గొర్రెలో ఏడాదిన్నర, రెండేళ్ళ మధ్య బయటికి వస్తుంది. అది పూర్తిగా పైకి వచ్చి అరగడం మొదలైందంటే పెద్దది కిందే లెక్క. అంతరించిన జంతువుకు నెలల లెక్క సరిగ్గా ఇలాగే ఉండాలని లేదు. దాని దగ్గరి బంధువుల్లో ఇప్పుడు బతికున్నదాన్ని పెట్టుకుని పోల్చాలి.

వయసు తేలింది కదా, ఇక తిండికి రండి. ఇందుకు పై దవడ కావాలి. వెనకవైపు మూడు పెద్ద పళ్ళలో నడిమిదాన్ని పట్టుకుని, బుగ్గ వైపు నుంచి చూడండి. రెండు మొనలు కనిపిస్తాయి. అవి పదునుగా, మధ్యలో లోతుగా ఉంటే ఆకులు, కొమ్మలు తిన్న జంతువు. పన్ను పన్నుతో రాసుకుని దానికదే పదును తేలుతుంది. మొనలు గుండ్రంగా, మొద్దుగా ఉంటే గడ్డి, దానికి అంటుకున్న దుమ్ము అరగదీశాయన్నమాట. కంప మేసే మేకకూ నేల మీది గడ్డి మేసే గొర్రెకూ మధ్య ఈ తేడా కోసం వెతకండి. అంగడికి వచ్చేవి ఎక్కువగా లేత వయసువి, దొడ్లో దాణా తిన్నవి కాబట్టి తేడా స్పష్టంగా లేకపోవచ్చు, కంగారు పడకండి. ఈ పద్ధతిని 2000లో ఫోర్టెలియస్, సొలూనియాస్ ప్రతిపాదించారు. అప్పుడే మొలిచినవాటినీ బాగా అరిగినవాటినీ పక్కన పెట్టాలన్నది ఇందులో షరతు. ఒక్క పన్నుతో తీర్పు చెప్పకూడదు, ఒకే జాతివి పది ఇరవై ఉంటే మేలు.

పన్ను మీద మైక్రోస్కోపులో కనిపించే సన్నని గీతలు, గుంటలు వేరే సంగతి. అవి చనిపోయే ముందు కొద్ది రోజుల, వారాల మేత మాత్రమే చెబుతాయి. రాయిగా మారిన పేడ ఇంకా తక్కువ కాలానిది, ఒకటి రెండు పూటల మేత. అయినా దాన్ని తీసిపారేయలేం. మహారాష్ట్రలోని పిస్‌దూరాలో దొరికిన డైనోసార్ల కాలపు పేడలో గడ్డి మొక్కల లోపల తయారయ్యే ఇసుకలాంటి సన్నని సిలికా కణాలు ఉన్నాయని 2005లో వందనా ప్రసాద్, కరోలిన్ స్ట్రోంబర్గ్, వాళ్ళ సహచరులు చూపించారు. గడ్డి అంత పాతదని అప్పటిదాకా గట్టి ఆధారం లేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది కార్బన్ లెక్క. జొన్న, సజ్జ, కొర్ర, ఎండ ప్రాంతాల గడ్డి ఒక దారిలో కార్బన్ పట్టుకుంటాయి. వరి, వేరుశనగ, కంది, చెట్ల ఆకులు ఇంకో దారిలో. బరువైన కార్బన్ వాటా ఒక ప్రామాణిక నమూనాతో పోలిస్తే వెయ్యికి ఎంత తేడానో చెప్పే ప్రయోగశాల కొలతలో మొదటి గుంపు సుమారు మైనస్ 12 దగ్గర, రెండోది మైనస్ 27 దగ్గర నిలుస్తుంది. తిన్న జంతువు ఎనామిల్‌లోకి వచ్చేసరికి రెండు అంకెలూ సుమారు 14 పైకి జరుగుతాయి. అంటే దూడ వయసులో, పన్ను తయారయ్యేటప్పుడు, జొన్న చొప్ప మీద పెరిగిన గేదెనూ వేరుశనగ కట్టె మీద పెరిగిన గేదెనూ పన్ను చూసి వేరు చేయొచ్చు. ఎముకతో ఈ పని చేయకండి. బేతంచెర్లది సున్నపురాయి నేల, ఆ నీళ్ళలోని కార్బనేట్ ఎముక రంధ్రాల్లోకి దిగి లెక్క చెడగొడుతుంది. ఎనామిల్ దట్టంగా ఉంటుంది కాబట్టి నిలుస్తుంది.

ఇక్కడ కూడా వయసు అడ్డం వస్తుంది. వెనకవైపు పెద్ద పళ్ళలో మొదటిది పాలు తాగే రోజుల్లో తయారవుతుంది, కాబట్టి అందులో సగం కథ తల్లిది. చివరి పన్ను పాలు మరిచాక తయారవుతుంది, పొడి దాని నుంచే తీయాలి. కొన నుంచి వేరు దాకా వరుసగా తీస్తే వానాకాలం పచ్చిమేత, ఎండాకాలం మేత వేరువేరుగా కనిపించే అవకాశం ఉంది.

పెరుగుదల గురించి ఎముకను అడ్డంగా కోసి చూస్తే ఇంకా చాలా తెలుస్తుంది. మేత కరువైన కాలంలో ఎదుగుదల ఆగి, చెట్టు కాండంలో లాగా ఒక గీత పడుతుంది. 2004లో గ్రెగరీ ఎరిక్సన్ బృందం ఆ గీతలు లెక్కపెట్టి, 'సూ' అనే టైరనోసారస్ డైనోసార్‌కు 28 ఏళ్ళని, ఆ జాతి పడుచు వయసులో రోజుకు సుమారు రెండు కిలోలు పెరిగేదని లెక్కగట్టింది. బరువు మోసే పెద్ద ఎముకల్లో లోపలి బోలు పెరిగేకొద్దీ మొదటి గీతలు చెరిగిపోతాయి కాబట్టి వాళ్ళు పక్కటెముకల వంటివి ఎంచుకున్నారు.

నాలుగో పాఠం ఆ గీతల గురించే. ఈలోపు మీ దగ్గరున్న ప్రతి దవడకూ ఒక కాగితం రాయండి: ముందు పళ్ళెన్ని, మూడో పన్నుకు గుబ్బలెన్ని, చివరి పన్ను వచ్చిందా, పై దవడ మొనలు పదునా మొద్దా. ఆ తర్వాత మటన్ అంగడిలో ముందు కాలి ఎముక ఒకటి, రెండు చివర్లూ విరగకుండా తెచ్చి శుభ్రం చేసి పెట్టుకోండి. ఎముక చివరనున్న గుబ్బ నడిమి పొడవాటి భాగానికి అతుక్కుందో లేదో గోరుతో తడిమి, అదీ కాగితం మీద రాసుకోండి.