బెజవాడకు మకాం మారుస్తున్నారా? ముందు పల్లం ఎటుందో చూడండి

స్కూళ్లు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి బదిలీ అయినవాళ్లు, కొత్త ఉద్యోగం వచ్చినవాళ్లు, పిల్లల చదువుల కోసం ఊరు మారేవాళ్లు అంతా ఏప్రిల్ చివర్లో, మే నెలలో విజయవాడలో ఇళ్లు వెతుకుతుంటారు. అప్పుడు ఏ వీధికెళ్లినా ఎండిపోయిన డ్రైను, దుమ్ము, వడగాలి, అంతే. అన్ని కాలనీలూ ఒకేలా కనపడతాయి. ఆ ఎండలో మనం అడిగేవి కూడా ఏసీ పాయింటు ఉందా, పైన రేకులా స్లాబా, కొళాయి ఎప్పుడు వదులుతారు, ఇవే. అద్దె కుదురుతుంది, అడ్వాన్స్ ఇచ్చేస్తాం, పాలు పొంగించేస్తాం. ఆ వీధి అసలు రంగు ఆగస్టు, సెప్టెంబరుల్లో బయటపడుతుంది. అప్పటికి సామాను సర్దేసి ఉంటాం, పిల్లల ఫీజులు కట్టేసి ఉంటాం, కదలడానికి ఉండదు.

అందుకే ఇల్లు తర్వాత, ఏరియా ముందు. ఏరియాలో మొదట చూడాల్సింది వాన పడితే నీళ్లు ఎటు పోతాయి, పోకపోతే ఎక్కడ నిలుస్తాయి అన్నది.

కొత్తవాళ్లకు విజయవాడ అనగానే భయం కృష్ణానది మీద. నది ఒడ్డునున్న కృష్ణలంక అంటే వద్దు బాబోయ్ అంటారు. 2009 అక్టోబరు వరద చూసినవాళ్లు అలా అన్నారంటే అర్థముంది. కానీ 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు నది పక్కన కట్టిన రిటైనింగ్ వాల్ (వరద గోడ) పుణ్యమా అని కృష్ణలంక చాలావరకు గట్టెక్కింది. మునిగింది నదికి దూరంగా, రైలు పట్టాలకు అవతల, ఉత్తరం వైపున్న సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ వగైరా. ముంచింది బుడమేరు.

మామూలు రోజుల్లో బుడమేరుని చూస్తే గుర్రపుడెక్క పట్టిన మురుగు కాలువే అనుకుంటారు, ఇదేం ముంచుతుందిలే అని. అది మైలవరం వైపు కొండల నీళ్లు మోసుకొచ్చి కొల్లేట్లో కలిసే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ (నీటిని అదుపు చేసే గేట్లు) ఉంది, అక్కడినుంచి డైవర్షన్ ఛానల్‌లో నీళ్లని ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి మళ్లిస్తారు. ఇక్కడే ఉంది మెలిక. కృష్ణ తనే నిండుగా పారుతుంటే ఈ నీళ్లని తీసుకోదు, వెనక్కి తంతుంది. 2024లో నదిలో వరద, కొండల్లో వాన, ఊరి మీద వాన మూడూ ఒకేసారి పడ్డాయి, పైగా ఛానల్ గట్లకు గండ్లు పడి, చివరికి వాటిని పూడ్చడానికి ఆర్మీ దిగాల్సి వచ్చింది. కింద అంతస్తులు మునిగిపోయి, మేడ మీద ఉన్నవాళ్లు కరెంటు లేక, తాగునీళ్లు లేక రోజుల తరబడి చిక్కుకుపోయారు. పడవలు, ట్రాక్టర్లు, ఆఖరికి డ్రోన్లతో అన్నం పొట్లాలు.

ఇదంతా చెప్తున్నది సింగ్‌నగర్‌లో ఉండొద్దని కాదు. లక్షల మంది ఉంటున్నారు, మధ్యతరగతికి అందుబాటులో ఉండే అద్దెలు అక్కడే దొరుకుతాయి, గట్ల పనులు కూడా తర్వాత చేపట్టారు. ఉండండి, కానీ తెలిసి ఉండండి. గ్రౌండ్ ఫ్లోర్ వెయ్యి తక్కువకి వస్తుందని సంబరపడేముందు ఆ వెయ్యి ఎందుకు తగ్గిందో ఓనర్ని కాదు, వీధిని అడగండి.

వీధిని అడగడమంటే, మొదట కళ్లతో. నీళ్లు వచ్చిపోయిన ఇల్లు ఎంత రంగు వేసినా ఎక్కడో ఒకచోట దొరికిపోతుంది. గది మొత్తం పాత సున్నమే ఉండి కింద నడుము ఎత్తు వరకు మాత్రం కొత్త పెయింటు ఉంటే అనుమానించాలి. చెక్క తలుపు అడుగుభాగం ఉబ్బి, గడపకి రాసుకుంటూ మూసుకుంటుందా చూడండి. వార్డ్‌రోబ్ కింది అర తెరిచి వేలితో నొక్కండి, ప్లైవుడ్ పొరలు విడిపోయి మెత్తగా తగిలితే అది చెద కాదు, నీళ్లే. వంటగట్టు కింద సిలిండర్ పెట్టే మూల, మెట్ల కింద గది, బాత్రూం తలుపు వెనక, ఇలాంటి చోట్ల ఎవరూ రంగు వేయరు, గీత అక్కడ మిగిలిపోతుంది. కరెంటు మీటరు బోర్డు మనిషి తల కంటే పైకి జరిపి ఉంటే, మోటారు దిమ్మె కట్టి మరీ ఎత్తున పెట్టి ఉంటే, గేటు లోపల అడుగున్నర అడ్డుగోడ కట్టి దాన్ని దాటుకుంటూ వెళ్లాల్సి వస్తే, ఇక మీరు ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. అయితే ఒక మాట, అలా మార్పులు చేసుకున్న ఓనరు బుద్ధిమంతుడు. ఏమీ చేయకుండా రంగు మాత్రం పూసి "మా వీధికి చుక్క రాలేదండీ" అనేవాడితోనే జాగ్రత్త.

తర్వాత రోడ్డు ఎత్తు. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దానిమీదే ఇంకో పొర పోస్తారు. పాతికేళ్ల కింద కట్టిన ఇళ్లు ఇప్పుడు రోడ్డు కంటే కిందికి దిగిపోయి ఉంటాయి. గేటు దగ్గర నిలబడి చూడండి, ఇంట్లోకి మెట్టెక్కుతున్నారా, దిగుతున్నారా? దిగుతుంటే వరద దాకా కూడా అక్కర్లేదు, గంటసేపు గట్టి వాన చాలు. నీరు పల్లమెరుగు అని ఊరికే అనలేదు పెద్దలు.

ఇక మనుషుల్ని అడగడం. బ్రోకర్ని అడిగి లాభం లేదు. వీధి మొదట్లో ఇస్త్రీ బండాయన, మందుల షాపు, కిరాణా కొట్టు, వీళ్లు ఎక్కడికీ పోరు, అన్నీ చూసి ఉంటారు. "ఇక్కడ వరద వస్తుందా" అని అడిగితే ఎవరైనా "అబ్బే, ఏం రాదు" అంటారు, తమ వీధిని తామే తక్కువ చేసుకుంటారా మరి. "2024లో మీ షాపులో ఎంత ఎత్తు వచ్చాయండీ" అని అడగండి. వచ్చినవాళ్లయితే చెయ్యి గోడమీద పెట్టి మరీ చూపిస్తారు, ఏయే సరుకు పోయిందో కూడా చెప్తారు. రానివాళ్లయితే ఎక్కడిదాకా వచ్చి ఆగాయో చెప్తారు, అదీ మీకు పనికొచ్చే సమాచారమే. ఓపిక ఉంటే కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ తెరిచి పాత సంవత్సరాల ఫొటోలు వెనక్కి జరుపుకుంటూ చూడండి. ఇప్పుడు అపార్ట్‌మెంట్ ఉన్నచోట ఒకప్పుడు చెరువో, వాగు పాయో ఉందా అన్నది అక్కడ తెలుస్తుంది. హైదరాబాద్ వెళ్లేవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం. 2020 అక్టోబరు వానలకు టోలీచౌకి నదీమ్ కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉంది, పక్కనే చెరువు. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ కట్టకుండా వదలాల్సిన జాగా) అన్న మాటలు ఇల్లు కొనేవాళ్లకే అనుకుంటారు గానీ అద్దెకుండేవాళ్ల మంచాల కిందికి కూడా అదే నీరు వస్తుంది.

విజయవాడలో రెండో తలనొప్పి, పట్టాలు, కాలువలు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరిని కోసుకుంటూ పోతాయి, వాటికి తోడు రైలు మార్గాలు. మ్యాప్‌లో రెండు కిలోమీటర్లే కనపడుతుంది గానీ మధ్యలో దాటడానికి ఒక ఫ్లైఓవరో, ఒక అండర్‌బ్రిడ్జో మాత్రమే ఉంటుంది. అండర్‌బ్రిడ్జి వానొస్తే ముందు నిండేది. కాబట్టి ఇల్లు, పిల్లల స్కూలు, ఆఫీసు, ఈ మూడింటిలో కనీసం ఇల్లూ స్కూలూ పట్టాలకు ఒకేవైపు ఉండేలా చూసుకోండి. మీరు ఆలస్యమైనా ఫరవాలేదు, పిల్లలు అవతల ఇరుక్కుపోతే ఆ టెన్షన్ చెప్పలేం.

సచివాలయం, ఎయిమ్స్ ఉద్యోగులు తాడేపల్లి, మంగళగిరి వైపు చూస్తారు, సబబే. కానీ భార్యాభర్తల్లో ఒకరికి ఆఫీసు బెంజ్ సర్కిల్ వైపు ఉంటే రోజూ నది దాటాలి. వరద ఎక్కువైతే బ్యారేజీ మీద రాకపోకలు ఆపేస్తారు, అప్పుడు ఊరంతా కనకదుర్గ వారధి మీదే.

కొండవాలు ఇళ్లు వేరే సంగతి. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల వైపు కొండమీద ఇళ్లు గాలి, వెలుతురు బాగుంటాయి, అద్దె తక్కువ, వరద రాదు. కానీ రాయి రావచ్చు. 2024 ఆగస్టు 31న అదే వానకి మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. ఇంటి వెనక గోడకి, కొండకి మధ్య ఎంత ఖాళీ ఉందో వెనక్కి వెళ్లి మరీ చూడండి. కొండని నిలువుగా చెక్కి, ఆ చెక్కిన ముఖానికి ఆనించి కట్టిన ఇల్లయితే వద్దు, ఊరికే ఇచ్చినా వద్దు. వృద్ధులుంటే మెట్ల సంగతి కూడా ఆలోచించుకోండి, అక్కడ చాలా ఇళ్లకి ఆటో కాదు కదా, బండి కూడా రాదు.

వన్‌టౌన్ చుట్టుపక్కల తీసుకునేవాళ్లు దసరా లెక్క వేసుకోవాలి. శరన్నవరాత్రులకి, మళ్లీ డిసెంబరులో భవానీ దీక్షల విరమణకి ట్రాఫిక్ మళ్లింపులుంటాయి, మీ ఇంటికి మీరే బండి దూరంగా పెట్టి నడిచి రావాల్సిన రోజులుంటాయి. అమ్మవారి దగ్గర ఉన్నామన్న తృప్తి ఉంటే సరే.

రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి ఆ వీధిలో నడవండి, ఇంటి ఆడవాళ్లతో కలిసి. వీధి దీపాలు, వైన్ షాపు ఎంత దూరం, ఫంక్షన్ హాలు మైకు ఎక్కడిదాకా వినపడుతుంది, కుక్కలు. పొద్దున కాలేజీ బస్సులు వెళ్లే టైములో ఇంకోసారి, ముఖ్యంగా పోరంకి, కానూరు, ఎనికేపాడు వైపు అయితే. "మీరెవరండీ" అని కులం కూపీ లాగే ఓనర్లు ఇప్పటికీ ఉన్నారు, మొదటిరోజే అలా మొదలైతే రేపు మీ ఇంటికి ఎవరొచ్చారు, ఏం వండారు అన్నదాకా వస్తుంది, ఇంకో ఇల్లు చూసుకోవడం నయం. ఆన్‌లైన్‌లో ఫొటోలు పెట్టి, నేను ఆర్మీలో ఉన్నాను, వేరే రాష్ట్రంలో పోస్టింగు, ముందు టోకెన్ అడ్వాన్స్ వేయండి అనేవాళ్ల జోలికి అసలు పోకండి. తాళం చేతికి తీసుకుని లోపల తిరిగి చూడకుండా రూపాయి కూడా పంపకూడదు.

అగ్రిమెంటు పదకొండు నెలలదే రాస్తారు. అందులో మూడు మాటలు రాయించుకోండి: వరదకి మోటారు, వైరింగు పాడైతే బాగుచేయించేది ఓనరని, ఇల్లు ఉండటానికి వీల్లేకుండా పోతే నోటీసు గడువు లేకుండా ఖాళీ చేయొచ్చని, అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలని. ముఖం చిట్లిస్తారు. అడగండి, ఏం పోదు.

అన్నీ చూశాక కూడా బడ్జెట్టుకి పల్లపు వీధిలో గ్రౌండ్ ఫ్లోరే కుదిరిందా, సరే. సర్టిఫికెట్లు, పట్టాలు, బ్యాంకు కాగితాలు జిప్ కవర్లో పెట్టి అటక మీద ఉంచండి, బీరువా కింది అరలో కాదు. ఇన్వర్టర్ని బల్లకి పైన పెట్టించుకోండి. మేడ మీద వాళ్లతో మొదటి వారంలోనే పరిచయం చేసుకోండి, రాత్రికి రాత్రి ఎక్కాల్సింది వాళ్లింటికే. బండి ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే వరద నష్టానికి పైసా రాదు. కారుంటే, నీళ్లు వెళ్లి ఇంజిన్ పాడైతే పనికొచ్చే ఇంజిన్ ప్రొటెక్షన్ కూడా కలిపి తీసుకోండి. మునిగిన బండిని స్టార్ట్ అవుతుందేమో చూద్దామని కీ తిప్పొద్దు, నీళ్లు లోపలికి లాగేస్తుంది, ఆ తర్వాత క్లెయిములో కొర్రీలు పెడతారు, మెకానిక్ వచ్చేదాకా అలాగే వదిలేయండి. నీళ్లు గడప దాటుతున్నాయనగానే మెయిన్ ఆపేయండి. మెయిన్ స్విచ్ దాకా వెళ్లాలంటే నీళ్లలో నడవాల్సి వస్తే మాత్రం వెళ్లొద్దు, కరెంటు వాళ్ల నంబరు 1912కి ఫోన్ చేసి లైన్ తీయమనండి. ఇవతలికి రాలేని పరిస్థితి అయితే అత్యవసర నంబరు 112.