తాటిచెట్టు మొదలు ఎక్కడుంది?

మాది విజయనగరం దగ్గర పల్లె బడి. మూడో తరగతి పిల్లలు ఏ బొమ్మ వేసినా ఇల్లు, చెట్టు, కొండ అన్నీ కాగితం అడుగునే వరసగా నిలబడేవి. "దూరంగా ఉన్నవి చిన్నగా వేయండి" అన్నాను. వేశారు, కానీ అదే వరసలో! దూరపు తాటిచెట్టు కాస్తా మొక్కలా తయారైంది. నేను సగమే చెప్పాను.

మర్నాడు వరండాలోకి తీసుకెళ్లాను. ఎదురుగా వరిచేలు, గట్ల మీద తాటిచెట్లు, వెనక కొండ. ఒక కన్ను మూసి, చెయ్యి చాచి, బొటనవేలితో కొలవమన్నాను. దగ్గరి చెట్టు వేలిని దాటిపోయింది, దూరపుది గోరంత. "ఇప్పుడు తల కాదమ్మా, మొదలు చూడండి. ఏది పైన కనబడుతోంది?" అన్నాను. ఒక పాప చాలాసేపు చూసి, "దూరందే టీచర్! నేలే పైకెల్తంది" అంది. నేను చెప్పాల్సిన మాట ఆ పిల్లే చెప్పేసింది.

తర్వాత రంగు కాగితాలు చించి అతికించాం. ముందు కొండ, దాన్ని కొంత కప్పేలా చెట్లు, చివరగా వాటిని కొంత కప్పేలా ఇల్లు. "కొండ తెగిపోనాది" అని ఒకడు ఏడుపు మొహం పెట్టాడు. తమకు తెలిసినదంతా బొమ్మలో కనబడాలి ఈ వయసు పిల్లలకి. ఇల్లు ఎత్తి చూపించాను. వెనక కొండ అలాగే ఉంది. అప్పుడు ఒప్పుకున్నాడు.

కొండకి ఆకుపచ్చ మాని, నీళ్లు ఎక్కువ కలిపిన నీలం వేయించాను. మధ్యలోని గాలి నీలం వెలుగును ఎక్కువగా చెదరగొడుతుంది, అందుకే దూరపు కొండలు అలా కనిపిస్తాయి. దూరం పోయేకొద్దీ ఒకచోట కలిసేలా స్కేలుతో గీసే గీతల జోలికి మాత్రం ఇంకా వెళ్లలేదు.