300 గజాల్లో తూటాలు చెదిరిపోతుంటే: నా అనుభవం

కొలరాడోలో ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకు సాధన చేస్తుంటే, 100 గజాల్లో అంగుళంలో పడే తూటాలు 300 గజాల్లో ఆరంగుళాలకు చెదిరేవి. తూటాలు మార్చాను, స్క్రూలు బిగించాను, బ్యారెల్ శుభ్రం చేశాను, లాభం లేదు. అసలు తేడా స్కోప్ (రైఫిల్ మీది గురి చూసే దుర్భిణి) పారలాక్స్‌లో ఉంది, అంటే కన్ను కాస్త కదిలితే చాలు, స్కోప్‌లోని గురి గీతలు (క్రాస్‌హెయిర్) టార్గెట్ మీద జరిగినట్టు కనిపించడం.

రైఫిల్ ఖాళీ చేసి ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టాను. ముందు ఖాళీ ఆకాశం వైపు చూస్తూ, క్రాస్‌హెయిర్ నల్లగా, స్పష్టంగా కనిపించేదాకా కంటి దగ్గరి రింగు తిప్పాను. తర్వాత 300 గజాల టార్గెట్ చూస్తూ, రైఫిల్ ముట్టకుండా తల కొంచెం ఆడించాను. క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద అటూ ఇటూ జారుతోంది! అది పూర్తిగా నిలిచేదాకా స్కోప్ పక్కనున్న పారలాక్స్ నాబ్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పాను. నాబ్ మీది 300 అంకె దాటాకే నిలిచింది, కాబట్టి అంకెను నమ్మొద్దు.

ఇప్పుడు మూడంగుళాల్లో పడుతున్నాయి. జంతువు గాయపడి పారిపోతుందేమోనన్న టెన్షన్ చాలావరకు తగ్గింది. అందరికీ ఇదే కారణమని చెప్పలేను. ఆ నాబ్ లేని స్కోప్ అయితే చెంప ప్రతిసారీ ఒకేచోట ఆనించి చూడండి.