సొర పిందెలు రాలిపోతున్నాయా?

మిద్దె మీద సొరపాదుకి పిందెలు వేలెడు పొడవు కాగానే పసుపు తిరిగి రాలిపోతుంటే, ఎరువు చాలలేదని గుప్పిళ్లకొద్దీ వేయకండి. చాలాసార్లు లోపం పరాగసంపర్కంలోనే ఉంటుంది. సొర పువ్వు విచ్చేది సాయంత్రం, ఆ వేళకి తేనెటీగలు గూటికి చేరిపోతాయి.

పొద్దుగూకే వేళ పాదు దగ్గరికి వెళ్లండి. పువ్వు కింద నూగుతో బుల్లి సొరకాయ లాంటిది ఉంటే ఆడపువ్వు, ఉత్త కాడ ఉంటే మగది. అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రేకులు తుంచేసి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. ఒక్క మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. కొద్దిరోజుల్లోనే పిందె లావెక్కి కిందికి వేలాడుతుంటే చూడ్డానికి ఎంత సంతోషమో! బీరకీ ఇంతే, అదీ సాయంత్రమే పూస్తుంది. గుమ్మడికి మాత్రం పొద్దున్నే అద్దాలి.