ఒర్వియేటో వెళితే పొద్దువాలే దాకా ఉండండి

రోమ్‌కు వచ్చే మనవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట ఒకటే: ఒక రోజు మిగుల్చుకుని, రోమ్‌కు ఉత్తరాన ఉన్న పాత ఊరు ఒర్వియేటో వెళ్లండి, మధ్యాహ్నానికే తిరుగు రైలెక్కకండి.

రోమ్ ప్రధాన స్టేషన్ టెర్మినీలో ప్రాంతీయ రైలు ఎక్కితే సుమారు గంటంబావు ప్రయాణం. కాగితం టికెట్ అయితే ఎక్కేముందే ప్లాట్‌ఫాం దగ్గరి యంత్రంలో ముద్ర వేసుకోవాలి. ఊరు రాతిగుట్ట మీద ఉంది. స్టేషన్ ఎదుటే ఉన్న కేబుల్ రైలు పైకి చేరుస్తుంది.

దిగగానే పక్కన సాన్ పత్రీజియో బావి. కాళ్లలో ఓపిక ఉండగానే చూసేయండి. 1527లో సైన్యాలు రోమ్‌ను దోచుకున్నప్పుడు ఇక్కడ తలదాచుకున్న పోప్ ఏడవ క్లెమెంట్, ముట్టడి వస్తే ఊరికి నీళ్లుండాలని దీన్ని తవ్వించాడు. లోతు సుమారు 53 మీటర్లు. దిగడానికి ఒక మెట్ల వరుస, ఎక్కడానికి వేరొకటి. నీళ్లు మోసే కంచరగాడిదలు ఎదురుపడకూడదని శిల్పి సాంగల్లో వేసిన ఎత్తు అది. 248 మెట్లూ జంతువు అడుగుకు తగ్గట్టు వెడల్పుగా, తక్కువ ఎత్తులో ఉంటాయి. గోడ కిటికీల్లోంచి చూస్తే అవతలి మెట్ల మీదివాళ్లు కనిపిస్తారు, దారిలో మాత్రం ఎక్కడా ఎదురుకారు. వేసవిలో కూడా లోపల చల్లన, పెద్దవాళ్లకు శాలువా ఉంచండి. మోకాళ్ల నొప్పులున్నవారిని దించకండి, ఎక్కిరావడం కష్టం.

భోజనం రెండు గంటల లోపే చేయండి, తర్వాత చాలా హోటళ్లలో వంట ఆపేస్తారు. పిండి, నీళ్లతో చేసే ఉంబ్రికెల్లి అనే లావు పాస్తా అడగండి. మాంసం తినకపోతే ‘సెంజా కార్నె’ అని చెప్పాలి. రొట్టెలో ఉప్పుండదు, ఈ ప్రాంతపు పద్ధతే అది. ఎండవేళ గైడుతో నేల కింది గుహలు చూడండి. గోడల నిండా పావురాలను పెంచిన గూళ్లు ఉంటాయి.

సాయంత్రం ఊరి పెద్ద చర్చి, అంటే కెథడ్రల్ ముందు నిలబడండి. 1290లో మొదలైన ఈ కట్టడం ముఖభాగం పడమటి వైపుంది కనుక, చిన్న చిన్న రంగు ముక్కలు పొదిగిన బంగారు మొజాయిక్ చిత్రాలు బాగా మెరిసేది అప్పుడే. అందరూ తలెత్తి వాటినే చూస్తారు, నేనైతే కింది స్తంభాల దగ్గర ఎక్కువసేపు ఉంటాను. ఎడమ చివరి స్తంభం మీద నిద్రపోతున్న ఆదాము పక్కటెముకను దేవుడు తీస్తున్న దృశ్యం కళ్లకు అందే దూరంలోనే ఉంటుంది.

రాత్రి అక్కడే ఉంటే మర్నాడు బస్సులో దగ్గరి ఊరు బాన్యోరేజో వెళ్లి, నడకవంతెన దాటి చివితా చూడవచ్చు. బంకమట్టి కోసుకుపోయి అంచులు కూలిపోతున్న గుట్ట మీద పల్లె అది, లోపలికి టికెట్ ఉంది. బస్సులు తక్కువ, ఆదివారం నమ్ముకోకండి. తిరుగు బస్సు వేళ చూసుకున్నాకే బయల్దేరండి.